కాకికి చెప్పిన మాట

దక్షిణామూర్తిగారి మీద హైమవతికి ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది పంచదార గురించి. ఆయన చెంచా కడగకుండా దేంట్లోనూ ముంచరు. కడిగాక తుడవరు. అందుచేత ఆ ఇంట్లో పంచదార ఎప్పుడూ ఉండలు కట్టి ఉంటుంది, కాఫీపొడి అట్ట కట్టి ఉంటుంది. "ఈ తడి ఎవరి చలవండీ?" అని అడిగితే ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాకినాడ సముద్రం ఒడ్డున ఉన్న ఊరనీ, గాలిలో తేమ ఎక్కువనీ వివరిస్తారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో 'తప్పు నాదే' అన్న మాట ఆయన నోట రాలేదు. ఎప్పుడూ తప్పు సముద్రానిదే.

రెండో ఫిర్యాదు ఆయన చదువు గురించి. యూనివర్సిటీలో సోషియాలజీ ప్రొఫెసరు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం ఎలా పుడుతుందో, ఎలా నిలుస్తుందో గంటలకొద్దీ చెప్పగలరు. ఎదురింటాయన పేరు మాత్రం చెప్పలేరు. పెళ్ళికి వెళితే బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో గమనిస్తూ, తన విస్తట్లో బూరెలు వడ్డించిన సంగతి చూడకుండా లేచి వచ్చేస్తారు.

అలాంటాయన పూసను కనిపెట్టారు.

ఊరికే కనిపెట్టలేదు. ఆయన మేనత్త ఒకావిడ తలుపు గడియ వేసుకున్న గదిలో పోతే, ఆ సంగతి వీధికి తెలియడానికి వారం పట్టింది. "వారంపాటు ఒక్కరికీ ఆవిడతో పని పడలేదు హైమా" అన్నారాయన ఆ రోజు, కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా. పూస ఆలోచన ఆ కంచం ముందే పుట్టింది. అందుకే హైమవతి ఆ పూసను ఎంత ఎగతాళి చేసినా, పూర్తిగా చేయలేకపోయేది.

చూడ్డానికి అది చంటిపిల్లలకు దిష్టికి కట్టే నల్లపూసలా ఉంటుంది. దారంతో మణికట్టుకు కట్టుకోవాలి. ఇద్దరు మనుషులు ఒకరివైపు ఒకరు తిరిగి, పిలుచుకుని, ఒకరికొకరు బదులు చెప్పుకుంటే ఇద్దరి పూసలూ గోరువెచ్చనవుతాయి. ఇక్కడి వెచ్చదనం అక్కడ లాబరేటరీ గోడ మీద గీతవుతుంది. గోడ నిండా చుక్కలే, చుక్కకో మనిషి. మాట్లాడుకునేకొద్దీ గీత లావవుతుంది, మానేస్తే సన్నబడి చెరిగిపోతుంది. తిరగడం, పిలవడం, బదులివ్వడం, ఈ మూడూ లేనిది బంధమే కాదని ఆయన సూత్రం. ఆఫీసు పని మీద మాట్లాడేవీ, కూరల బండి దగ్గర బేరాలూ లెక్కలోకి రావు.

"ముగ్గు పెట్టినట్టుందండీ" అంది హైమవతి మొదటిసారి ఆ గోడ చూసి.

"సమాజం" అన్నారాయన గంభీరంగా.

స్టాఫ్ క్వార్టర్లలో అందరి చేతులకూ పూసలు కట్టిన మొదటి రోజే చిక్కొచ్చింది. గోడ మీద దక్షిణామూర్తిగారి చుక్కకూ హైమవతి చుక్కకూ మధ్య గీత లేదు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నస్రీన్ నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. కారణం తేలడానికి పూట పట్టింది. హైమవతి మొగుణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఏవండీ' కూడా పిలుపేనని ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. నేర్పాక గీత మొలిచింది.

"మాపకంలో చిన్న సవరణ" అన్నారాయన. తప్పు అనలేదు.

* * *

వాళ్ళది జంట ఇల్లు. రెండు పెరళ్ళ మధ్య ఛాతీ ఎత్తు గోడ. గోడకు అవతల పేరిందేవి. అమ్మాయిల హాస్టలుకు వార్డెనుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మూడో అంతస్తులో నిలబడి గేటు దగ్గరి పిల్లను పేరు పెట్టి ఆపగలిగిన గొంతు ఆవిడది. ఉద్యోగం అయిపోయాక కూడా యూనివర్సిటీ ఆవిణ్ణి ఆ ఇంట్లోనే ఉండనిచ్చింది.

హైమవతికీ పేరిందేవికీ పదేళ్ళ పైనుంచి మాటల్లేవు. అంటే రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడరు, అంతే. పేరిందేవి గోడ మీద వాలే కాకితో చెబుతుంది. హైమవతి బట్టలుతికే బండతో చెబుతుంది.

"ఏమే కాకీ, పక్కింట్లో పాలు పొంగుతున్నట్టున్నాయే. పొయ్యి మీద పెట్టి వారపత్రిక పట్టుకున్నారు కాబోలు!"

హైమవతి ఒక్క పరుగున వెళ్ళి స్టవ్ ఆపి, మళ్ళీ పెరట్లోకి వచ్చి, బండ మీద చీర బాదుతూ, "చూశావుటే బండా, కొందరికి పళ్ళు కదిలినా ముక్కు మాత్రం పదహారేళ్ళదే" అనేది.

"కాకీ, ఆ ముక్కే లేకపోతే ఈపాటికి ఆ ప్రొఫెసరుగారికి డికాక్షనే గతి అని చెప్పు."

వాన మబ్బు పడితే ఆరేసిన బట్టల సంగతి కాకికి తెలిసేది. గ్యాస్ బండి వీధిలోకి వస్తే బండకు తెలిసేది. ఒకనాడు పొద్దున్నే "కాకీ, ఇవాళ మోకాలు నా మాట వినడం లేదే" అని వినిపించింది. కాసేపటికి హైమవతి వావిలాకు వేడిచేసి గిన్నెతో గోడ మీద పెట్టి, "బండా, ఆకు ఎక్కువైపోయింది. గోడ మీద పడేస్తున్నా. మేక తింటుందో, మనిషి కట్టుకుంటుందో" అంది. సాయంత్రానికి గిన్నె కడిగి గోడ మీదే ఉంది. ఖాళీగా పంపకూడదు కాబట్టి అందులో రెండు రెబ్బలు కరివేపాకు కూడా ఉంది.

గొడవంతా ఆవకాయ దగ్గర మొదలైంది. అప్పట్లో ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుని, వేసవికి ఒకే జాడీలో ఆవకాయ కలిపేవాళ్ళు. జాడీ హైమవతి ఇంట్లో ఉండేది. మూడో నాడు తిరగ కలిపి పంచుకునేవాళ్ళు. ఆ ఏడు మూడో నాడు కలిపారు, బాగానే ఉంది, ముక్క ఇంకాస్త ఊరాక పంచుకుందామనుకున్నారు. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పేసరికి లోపలంతా బూజు. "తడి గరిటె నీదే" అంటే "నీదే" అనుకున్నారు. ఊరగాయ పాడు చేసిందన్న మాట పడడం కంటే ఇల్లు తగలబెట్టిందన్న మాట పడడం నయం మరి. ఇద్దరూ పడలేదు.

దక్షిణామూర్తిగారు ఈ తగాదా మీద ఒక వ్యాసం కూడా రాసి సదస్సులో చదివి వచ్చారు. చిన్న కారణాలతో పెద్ద బంధాలు ఎలా తెగుతాయన్నది విషయం. మెచ్చుకుని శాలువా కప్పారు. డాక్టరు ఆయనకు రక్తపోటని ఊరగాయలు పూర్తిగా మానిపించింది కూడా ఆ వేసవిలోనే కాబట్టి, ఆవకాయ పోయినందుకు ఆయనకు బాధ ఉండదనుకుంది హైమవతి.

* * *

"పాపం, పేరిందేవిగారు" అన్నారాయన ఒకరోజు పెసరట్టు తుంచుతూ.

ఆయన బల్ల మీద పెట్టిన పలక లాంటి తెరలో కాలనీ గీతలన్నీ ఉన్నాయి. ఒక చివర ఒకే ఒక్క చుక్క. ఆ చుక్కకు ఎటూ గీత లేదు.

"అంటే?"

"ఆవిడకు ఎవరూ లేరు. సున్నా. యూనివర్సిటీ ఒప్పుకుంది హైమా. ఇలా గీత లేనివాళ్ళను చెలిమి సదనానికి మారుస్తారు. ఉప్పుటేరు అవతల కొత్తగా కట్టారే, అదే. అక్కడ పలకరించేవాళ్ళుంటారు. మా అత్తలాగా ఎవరూ పోకూడదు."

హైమవతి అట్లకాడ పట్టుకుని నిలబడిపోయింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే పేరిందేవితో తనకు మాటలున్నట్టే. మాటలున్నాయంటే గరిటె తనదని ఒప్పుకున్నట్టే.

"మీ పూసకు చెవుడండీ" అంది చివరికి.

"ఆవిడ కాకితో మాట్లాడడం నేనూ విన్నాను. దాన్ని స్వగతం అంటారు. ఒంటరితనానికి అదే మొదటి గుర్తు."

"అట్టు చల్లారిపోతోంది తినండి."

ఆ వారంలోనే నస్రీన్ పేరిందేవి పెరట్లోకి వచ్చి కూర్చుంది. గోడకు ఇవతల హైమవతి బట్టలు పిండుతోంది. ఇద్దరి మాటలూ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"అమ్మా, మీకు మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకమ్మాయ్?"

"ఒక్కరు 'ఈవిడ మా మనిషి' అంటే చాలమ్మా. మీరు ఇక్కడే ఉండొచ్చు. ఎవరూ లేకపోతే..."

అవతల కుర్చీ కిర్రుమంది. పేరిందేవి గోడవైపు తిరిగిందని హైమవతికి తెలిసిపోయింది. పదేళ్ళుగా ఆ కుర్చీ చప్పుళ్ళన్నీ తెలుసు. చేతిలో సగం పిండిన దుప్పటి నీళ్ళు కారుస్తోంది. ఇక్కణ్ణించి ఒక్క దగ్గు దగ్గినా చాలు.

అవతలా నిశ్శబ్దమే. అది ఖాళీ నిశ్శబ్దం కాదు. వడ్డించిన విస్తరిలా ఎదురుచూసే నిశ్శబ్దం.

హైమవతి దగ్గలేదు.

"ఎవరూ లేరమ్మాయ్" అంది పేరిందేవి. "కాకి ఉంది. దాన్ని అడిగి చూడు."

వ్యాను వచ్చిన రోజు ఆవిడ ఒక ట్రంకుపెట్టె, కుక్కరు, ఇత్తడి చెంబు ఎక్కించుకుంది. బయల్దేరే ముందు పెరట్లోకి వచ్చి గోడ దగ్గర నిలబడి, "కాకీ, పాలు సిమ్‌లో పెట్టుకోమని చెప్పవే, చెప్పేవాళ్ళు ఉండరిక" అంది. హైమవతి వంటింటి కిటికీ వెనకాల ఉంది. బండ దగ్గరికి రాలేదు.

* * *

పాలు పొంగాయి. ఆరేసిన బట్టలు తడిశాయి. గ్యాస్ బండి వచ్చి వెళ్ళిపోయింది.

వీటివల్ల కొంప మునిగిపోదు. అదే హైమవతికి వింతగా ఉండేది. ఏమీ మునిగిపోలేదు, అయినా రోజు గడవడం లేదు. బండ మీద చీర బాదుతూ నోటిదాకా వచ్చిన మాట మింగేసేది. అవతల వినేవాళ్ళు లేకపోతే బండతో మాట్లాడడం నిజంగానే పిచ్చి కదా. కాకి వేళకు వచ్చి తాళం వేసిన ఇంటి గోడ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పి, అన్నం ముద్ద పెట్టినా ముట్టక ఎగిరిపోయేది.

మాట్లాడేవాళ్ళు లేక కాదు. పూసలు వచ్చాక కాలనీ అంతా ఒకరినొకరు తెగ పలకరించుకుంటున్నారు. గేటు దాటితే చాలు, "హైమవతిగారూ, బాగున్నారా? టిఫిన్ అయిందా?" బదులు చెప్పగానే మణికట్టు వెచ్చబడేది. పలకరించినవాళ్ళు ఆ వెచ్చదనం తగిలేదాకా ఆగి, తగలగానే ముందుకు నడిచేవాళ్ళు. టిఫిన్‌లోకి ఏం చేశారని ఒక్కరూ అడగలేదు. పేరిందేవి అయితే పోపు వాసన పట్టి ఇంగువ తక్కువైందని కాకికి చెప్పేది.

"నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నారు దక్షిణామూర్తిగారు తెర చూపించి. "పేరిందేవిగారు వెళ్ళాక నీ గీతల్లో ఒక్కటి కూడా తగ్గలేదు. కాలనీ మొత్తంలో అందరికంటే ఎక్కువ బంధాలున్నది నీకే."

హైమవతి తన చుక్క వంక చూసింది. చుట్టూ గీతలు గీతలుగా, గూటి మధ్యలో సాలీడులా ఉంది. పోయినదాని గుర్తు ఒక్కటీ లేదు. ఉండగా లేనిది, పోయాక ఎలా ఉంటుంది?

ఆ మర్నాటి నుంచి ఆవిడ మొగుడితో మాటలు మానేసింది.

అలక కాదు, కోపం లేదు. వేళకు కాఫీ, వేళకు భోజనం. చెప్పవలసినవి కూడా అన్నీ చెప్పేది, కుక్కరుకు.

"కుక్కరమ్మా, ఇవాళ వంకాయ కూర చేయనా, దొండకాయ వేపుడు చేయనా?"

"నన్నడుగుతున్నావా?" అనేవారాయన పేపరు దించి.

"దొండకాయే నయం కదే కుక్కరూ, వంకాయ కొందరికి పడదు."

"హైమా, ఏమిటిది? ఇటు చూసి మాట్లాడవేం?"

కుక్కరు కూతపెట్టేది. హైమవతి అటే తిరిగి ఉండేది. కారియరు కట్టి బల్ల మీద పెట్టి, "మజ్జిగ సీసా మూత వదులుగా ఉందే కుక్కరూ, సంచిలో నిలువుగా పెట్టాలి సుమా" అనేది. ఆయన నిలువుగా పెట్టుకుని వెళ్ళేవారు. సూత్రంలోని మూడింటిలో ఒక్కటీ లేదు: ఆవిడ ఆయనవైపు తిరగదు, పిలవదు, అడిగితే బదులివ్వదు. పూసలు రెండూ చల్లగా ఉండిపోయాయి.

లాబరేటరీ గోడ మీద ఆయన చుక్కకు మొదటినుంచీ ఉన్నది ఒక్కటే గీత. అది నూలుపోగంత అయింది. తర్వాత వెంట్రుకంత. తర్వాత ఒకరోజు నస్రీన్ ఇంటికి వచ్చి, హాల్లో కుర్చీ అంచున కూర్చుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"ఏమిటి నస్రీన్?"

"నియమం అందరికీ ఒకటేనని మీరే రాశారు సార్."

"అవును, రాశాను."

"సార్... మీకు మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారా?"

దక్షిణామూర్తిగారు నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది. వంటింటివైపు చూశారు. గుమ్మంలోంచి హైమవతి వీపు కనిపిస్తోంది, అంతే. జుట్టు నెరిసిన ఆ తలలో ఆ క్షణాన మేనత్త గది మెదిలిందో ఏమో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష హాల్లో ప్రశ్న అర్థం కాని కుర్రాడిలా కూర్చున్నారు.

ఇదే నిశ్శబ్దాన్ని హైమవతి ఒకసారి గోడ ఇవతల నిలబడి మోసింది. రెండోసారి మోయలేకపోయింది.

"కుక్కరమ్మా, ఆ పిల్లకు కాఫీ ఇవ్వాలి. పంచదార ఉండలు చిదిపి పెట్టే మనిషి దొరికితే బాగుణ్ణు."

ఆయన లేచారు. వంటింట్లోకి వెళ్ళి డబ్బా తీసి, ఉండలు చిదుపుతూ, చిదుపుతూ ఆగిపోయారు.

"నస్రీన్, ఇప్పుడు ఆవిడ మాట్లాడింది ఎవరితో?"

"కుక్కరుతో సార్."

"కాదమ్మాయ్. నాతో." డబ్బా గట్టు మీద పెట్టారు. "మరి పేరిందేవిగారు కాకితో..."

"నాతోనండీ" అంది హైమవతి ఇటు తిరిగి. ఎన్నాళ్ళకో ఇద్దరి మణికట్లూ వెచ్చబడ్డాయి. ఆవిడ చూసుకోలేదు. "పదేళ్ళూ నాతోనే మాట్లాడిందండీ. ఈ పిల్ల వచ్చి అడిగినప్పుడు గోడకు ఇవతలే ఉన్నాను. ఆవిడ నాకోసం చూసింది. నేను పలకలేదు."

దక్షిణామూర్తిగారు పంచదార ఉండల వంక చూశారు.

"మాపకంలో సవరణ..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆ వాక్యం పూర్తి చేయలేదు. "ఆటో పిలుస్తాను" అన్నారు.

* * *

చెలిమి సదనం శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది. ఏసీ చలి బయటికి పోకుండా కిటికీలన్నిటికీ తెరవడానికి వీల్లేని అద్దాలు. హాల్లో పలకరింపుల వేళ. పెద్దవాళ్ళందరూ గుండ్రంగా కూర్చుని వంతులవారీగా పక్కవాళ్ళ వైపు తిరుగుతున్నారు.

"సీతాపతిగారూ, బాగున్నారా?"

"బాగున్నానండీ. పేరిందేవిగారూ, మీరు బాగున్నారా?"

"బాగున్నాను."

మూడంతస్తులు దిగి గేటు దాకా వెళ్ళే గొంతు, పక్క కుర్చీ దాకా కూడా సరిగ్గా వెళ్ళడం లేదు. దక్షిణామూర్తిగారి చేతిలోని తెర మీద చూస్తే పేరిందేవి చుక్కకు ఇప్పుడు బోలెడన్ని గీతలు. లావు లావుగా.

పేరిందేవి వీళ్ళను చూసింది. చూడనట్టు లేచి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. హైమవతి వెళ్ళి రెండో కుర్చీలో, ఆవిడకు పక్కగా, అద్దంవైపు తిరిగి కూర్చుంది. దక్షిణామూర్తిగారు వెనకాల నిలబడ్డారు. బయట ఉప్పుటేరు మీద ఎండ. కాకులు దూరంగా ఎక్కడో ఉన్నాయి, వినబడవు.

"ఏమే అద్దమా" అంది పేరిందేవి కాసేపటికి, "ఎవరో వచ్చినట్టున్నారే. బరువు తగ్గారు. పాలు పొంగబెట్టుకుని నీళ్ళ కాఫీ తాగుతున్నారు కాబోలు."

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తేలాక, "అద్దమా, ఆ ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కాకి రోజూ వచ్చి పోతోంది. ఇంటికి రమ్మంటోందని చెప్పు" అంది.

"కాకి రమ్మంటే సరా? ఆ పిల్ల అడిగిన రోజున ఎవరూ నోరు విప్పలేదే."

"విప్పవలసింది."

"ఇప్పుడు జాలిపడి విప్పితే ఎవడిక్కావాలి? తడి గరిటె ఎవరిదో తేలందే ఆ గోడ పక్కకి వచ్చేది లేదని చెప్పు అద్దమా. పదేళ్ళు మోశాను ఆ మాట. హాస్టల్లో మూడొందల మంది పిల్లలకు ఊరగాయ పెట్టిన చేతులివి. నేను పొడి గుడ్డతో తుడిచి మరీ ముంచాను."

"నేనూ తుడిచే..." అని ఆగిపోయింది హైమవతి. ఆవిడ కూడా తుడిచే ముంచింది. అది ఆవిడకు తన పేరంత నిజంగా తెలుసు. కానీ గోడ అవతల తాళం, అన్నం ముట్టని కాకి, బండ మీద మింగేసిన మాటలు కళ్ళముందు కదిలాయి. ఆవకాయ పాడు చేసిందన్న మాటే కదా. పడితే పోయేదేముంది?

ఆవిడ అద్దంలోంచి చూపు తిప్పి, పేరిందేవి మొహంలోకి తిన్నగా చూసింది.

"వదినా, ఆ గరిటె..."

"గరిటె కాదు" అన్నారు వెనకనుంచి దక్షిణామూర్తిగారు.

ఇద్దరూ తల తిప్పారు. ఆయన కళ్ళజోడు సర్దుకోబోయి, సర్దుకోకుండానే చెయ్యి దించేశారు.

"చెంచా. డాక్టరు మానమన్నాడు, నాకేమో పెరుగన్నంలోకి... మీరిద్దరూ పెరట్లో ఉన్నారు. వాసెన విప్పి, చెంచా కడిగి ముంచాను." "సముద్రం గాలి కాదు. తుడవలేదు. తప్పు నాదే."